ఆగస్టులో ఫ్రిస్కో, మార్చిలో తెనాలి: ఇద్దరు పురపాలక అధికారుల పనిదినాలు

మొదటి రోజు, సోమవారం: ఫ్రిస్కో

మన పురపాలక ఉద్యోగులకు అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని ఫ్రిస్కోలో ఐదు రోజులు, ఫ్రిస్కో ఉద్యోగులకు తెనాలిలో మూడు రోజులు ఏం చూడాలో చెప్పే ప్రయాణ పట్టిక ఇది. డాలస్ ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో దిగేవాళ్ల ధ్యాసంతా ఇమిగ్రేషన్ వరుస మీదే ఉంటుంది. పురపాలక శాఖలో పనిచేసేవాళ్లు మాత్రం ఒక సంగతి తెలుసుకుని దిగాలి. 1974లో తెరిచిన ఈ విమానాశ్రయం కేంద్రానిదీ కాదు, రాష్ట్రానిదీ కాదు. డాలస్, ఫోర్ట్‌వర్త్ అనే రెండు నగర పాలక సంస్థల ఉమ్మడి ఆస్తి. బోర్డులో ఎవరు కూర్చోవాలో ఆ నగరాల కౌన్సిళ్లే తేలుస్తాయి. మన ఊళ్లలో బస్టాండు కూడా పురపాలికది కాదు, ఆర్టీసీది. ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకుంటే వారం రోజులూ చూడబోయేది తేలిగ్గా అర్థమవుతుంది.

ఫ్రిస్కో డాలస్‌కు ఉత్తరాన ఉంటుంది. కార్యసిద్ధి హనుమాన్ గుడి పుణ్యమా అని తెలుగువాళ్లకు బాగా తెలిసిన ఊరే. 1990 జనగణనలో జనాభా ఆరు వేల పైచిలుకు. 2000లో 33,714, 2010లో 1,16,989, 2020లో 2,00,509. ముప్పై ఏళ్లలో ముప్పై రెట్లు పెరిగింది. ఇంత పెరిగిన ఊరికి 1987 నుంచి 2022 దాకా ఒక్కరే అధికారి. సిటీ మేనేజర్ జార్జ్ ప్యూరిఫాయ్ 35 ఏళ్లు ఒకే కుర్చీలో పనిచేశారు. పురపాలక భవనానికి పెట్టింది మేయర్ పేరు కాదు, ఈయన పేరే.

మన కమిషనర్‌కూ వాళ్ల సిటీ మేనేజర్‌కూ పోలిక ఇక్కడే మొదలుపెట్టాలి. చేసే పనులు చాలావరకు ఒకటే. నియామకం మాత్రం పూర్తిగా వేరు. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో కమిషనర్‌ను పంపేది రాష్ట్ర ప్రభుత్వం, బదిలీ చేసేదీ అదే. ఫ్రిస్కోలో కౌన్సిల్ ప్రకటన ఇచ్చి, ఇంటర్వ్యూ చేసి, ఒప్పందం రాసుకుని మేనేజర్‌ను తీసుకుంటుంది. నచ్చకపోతే ఓటు వేసి తీసేస్తుంది. అలా తీసేస్తే కొన్ని నెలల జీతం చెల్లించాలనే షరతు ఇలాంటి ఒప్పందాల్లో మామూలుగా ఉంటుంది. బదిలీ అనే మాటే ఉండదు. ఇంకో ఊరికి వెళ్లాలంటే అక్కడ దరఖాస్తు పెట్టుకోవాలి.

ఈ పద్ధతికి మూలం 1908లో వర్జీనియాలోని స్టాంటన్. 1913 వరదలో ఒహాయో రాష్ట్రంలోని డేటన్ మునిగాక ఆ నగరం 1914లో మేనేజర్‌ను పెట్టుకుంది. అక్కడి నుంచి ఈ పద్ధతి పెద్ద ఊళ్లకు పాకింది. అదే 1914లో సిటీ మేనేజర్లు సంఘం పెట్టుకున్నారు. ఇప్పటి ఐసీఎంఏ (నగర, కౌంటీ మేనేజర్ల అంతర్జాతీయ సంఘం) అదే. 1924లో నీతి నియమావళి రాసుకున్నారు. ఎన్నికల ప్రచారానికి దూరంగా ఉండాలన్నది అందులో అందరూ ముందు చెప్పే నియమం.

రెండో రోజు, మంగళవారం: కౌన్సిల్ సమావేశం

మేయర్, ఆరుగురు సభ్యులు, అంతే కౌన్సిల్. వార్డులు లేవు. ప్రతి సభ్యుడికీ ఊరంతా ఓటు వేస్తుంది. ఎన్నికలు మే మొదటి శనివారం, పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి. మన సర్పంచ్ ఎన్నికలూ కాగితం మీద పార్టీ రహితమే కాబట్టి ఆ మాట మనకు కొత్త కాదు. కొత్తదల్లా ఊళ్ల చార్టర్లలో, అంటే నగర పాలన మూల పత్రాల్లో, ఉండే ఒక నిబంధన. సభ్యుడు ఏ ఉద్యోగికీ నేరుగా పని చెప్పకూడదు. చెప్పాలనుకున్నది మేనేజర్‌కే చెప్పాలి. మన కౌన్సిలర్ పొద్దున్నే శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కు ఒక ఫోను, ఏఈకి ఒక ఫోను, లైన్‌మన్‌కు ఒక ఫోను చేస్తాడు. తప్పని అనలేం. అతని వీధిలో కాలువ పొంగితే జనం తట్టేది అతని తలుపే. కానీ ఇరవై ముప్పై మంది ఇరవై ముప్పై వైపుల నుంచి లాగితే శానిటరీ ఇన్‌స్పెక్టర్ రాసుకున్న రూట్ చార్టు పదింటికల్లా చెల్లని కాగితమవుతుంది.

సమావేశానికి వెళ్లేముందు అజెండా ప్యాకెట్ తెరిచి చూడాలి. ప్రతి అంశానికీ రెండు మూడు పేజీల సిబ్బంది నివేదిక జత చేసి ఉంటుంది. ఏం అడుగుతున్నారు, ఎందుకు, ఖర్చు ఏ పద్దు నుంచి, ప్రత్యామ్నాయాలేమిటి, సిఫారసు ఏమిటి, అన్నీ అదే వరుసలో ఉంటాయి. ప్యాకెట్ ఊరందరికీ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. టెక్సస్ చట్టం మొదట 72 గంటల ముందు నోటీసు అడిగేది. 2025 సెప్టెంబరు నుంచి మూడు పనిదినాలు చేశారు. నోటీసులో లేని విషయం మీద తీర్మానం చేయడానికి వీల్లేదు. మన దగ్గర ‘అధ్యక్షుల అనుమతితో’ చివరి నిమిషంలో టేబుల్ మీదికొచ్చే అజెండాకు అక్కడ చోటు లేదు.

వివాదం లేని అంశాలన్నీ కలిపి ఒకే ఓటుతో ముగిస్తారు. వాటిలో ఒకదాని మీద మాట్లాడాలని ఏ సభ్యుడైనా అంటే దాన్ని విడదీస్తారు. అజెండాలోని ఏ అంశం మీదైనా నిర్ణయానికి ముందే పౌరుడికి మాట్లాడే అవకాశం ఇవ్వాలని 2019లో చట్టమైంది. మాట్లాడేవాళ్లు చీటీ రాసిస్తారు, ముందు గడియారం తిరుగుతుంటుంది. మేనేజర్ అడిగినప్పుడే నోరు విప్పుతారు. జవాబు చెప్పాల్సిన శాఖాధిపతి పక్క వరుసలోనే కూర్చుంటారు.

సమాచార హక్కు విషయంలో కాగితాల అరల నుంచి నకలు తీసే పని రెండు చోట్లా ఒకటే. గడువే తేడా. మనకు 30 రోజులు. అక్కడ ఏదైనా దాచాలనుకుంటే 10 పనిదినాల్లోపు రాష్ట్ర అటార్నీ జనరల్‌ను అనుమతి అడగాలి. అడగడం మరిచిపోతే చాలావరకు ఇచ్చేయాల్సిందే.

మూడో రోజు, బుధవారం: బడ్జెట్, పన్ను

ఈ ప్రయాణానికి ఆగస్టును ఎంచుకోవడానికి కారణం ఈ రోజే. ఫ్రిస్కో ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది. ఆగస్టులో మేనేజర్ ప్రతిపాదన కౌన్సిల్ ముందు ఉంటుంది. పన్ను రేటు మీద విచారణలు నడుస్తుంటాయి. వేరే నెలలో వెళ్తే పుస్తకం మాత్రమే చూపిస్తారు.

ఇంటి విలువ కట్టేది నగరం కాదు. మన జిల్లా లాంటి కౌంటీ స్థాయిలో విలువ కట్టడానికే అప్రైజల్ జిల్లా అనే వేరే సంస్థ ఉంటుంది. జనవరి 1 నాటి మార్కెట్ విలువ లెక్కగట్టి వేసవికి ముందు నోటీసు పంపుతుంది. మే 15లోగా గానీ, నోటీసు అందిన 30 రోజుల్లోగా గానీ యజమాని అభ్యంతరం పెట్టుకోవచ్చు. చాలామంది పెడతారు కూడా. పక్కిళ్ల అమ్మకాల ధరలు, పైకప్పు దెబ్బతిన్న ఫొటోలు పట్టుకెళ్తారు. సొంత నివాసమైతే పన్ను లెక్కకు తీసుకునే విలువ ఏడాదికి పది శాతం మించి పెరగకూడదు. జూలై 25కు తుది జాబితా నగరానికి అందుతుంది.

ఆ జాబితా మీద నగరం వేసేది రేటు మాత్రమే. 100 డాలర్ల విలువకు ఇన్ని సెంట్లు అని చెబుతారు. 43 సెంట్లనుకుంటే, 5 లక్షల డాలర్ల ఇంటికి మినహాయింపులు తీయకముందు నగర వాటా 2,150 డాలర్లు. అదే బిల్లులో స్కూలు జిల్లా, కౌంటీ, కాలేజీ కూడా ఉంటాయి. స్కూలు జిల్లా రేటు నగరం రేటుకు రెట్టింపు పైనే. జనం తిట్టేది మొత్తం బిల్లు చూసి, తిట్లు తినేది పురపాలక కౌంటరు. ఇది మన బిల్ కలెక్టర్‌కూ అనుభవమే.

రేటు పెంచడానికి చట్టం వేసిన కట్లు చూడదగ్గవి. పాత ఆస్తుల మీద నిరుడు వచ్చినంత డబ్బే ఈ ఏడూ రావాలంటే ఎంత రేటు చాలునో ముందు లెక్కకట్టి ప్రకటించాలి. దానికి మించితే బహిరంగ విచారణ జరపాలి. రేటు ఖరారుకు కనీసం 60 శాతం సభ్యుల ఓటు కావాలి, ఎవరు ఎటు వేశారో పేరుపేరునా నమోదు కావాలి. తీర్మానంలో పలకాల్సిన వాక్యం కూడా చట్టమే రాసిపెట్టింది: ఈ రేటుతో పన్ను ఇంత శాతం పెరుగుతోందని సభ్యుడు నోటితో చెప్పాలి. నిర్వహణ ఖర్చుల కోసం వసూలు చేసే మొత్తం 3.5 శాతం మించి పెరిగితే నవంబరులో ఓటర్లనే అడగాలి. ఇది 2019 నాటి చట్టం. గడువులోగా ఏ రేటూ తేల్చుకోలేకపోతే నిరుటి రేటు, ముందు లెక్కకట్టిన రేటు, ఈ రెంటిలో తక్కువది తనంతట తానే అమలవుతుంది.

బిల్లులు అక్టోబరులో వస్తాయి, జనవరి 31 ఆఖరు. ఫిబ్రవరి 1 వచ్చేసరికి 6 శాతం జరిమానా, 1 శాతం వడ్డీ పడతాయి. నెలనెలా పెరుగుతూ జూలై 1కి జరిమానా ఒక్కటే 12 శాతానికి చేరుతుంది. ఆపైన వసూలు న్యాయవాది ఖర్చు 20 శాతం దాకా. కార్యాలయం తప్పు వల్ల ఆలస్యమైతేనే మాఫీకి దారి. పండగ ముందు వడ్డీ మాఫీ జీవో ఉండదు.

అమ్మకపు పన్నులో రాష్ట్రానిది 6.25 శాతం, స్థానిక సంస్థలది 2 శాతం దాకా. ఫ్రిస్కో ఆ రెండింటిలో ఒక శాతం సాధారణ నిధికి, అర శాతం ఆర్థికాభివృద్ధి సంస్థకు, అర శాతం సామాజికాభివృద్ధి సంస్థకు పంచుకుంది. రాష్ట్రం వసూలు చేసి నెలనెలా నగరానికి పంపుతుంది. మనకు జీఎస్టీలో పురపాలికకు నేరుగా వాటా లేదు. అయితే ఈ పంపకానికి ఫ్రిస్కో చెల్లిస్తున్న మూల్యం వీధుల్లో కనిపిస్తుంది. డాలస్ ప్రాంత రవాణా సంస్థలో చేరాలంటే ఒక శాతం అమ్మకపు పన్ను వదులుకోవాలి. ఫ్రిస్కో చేరలేదు. రెండు లక్షలు దాటిన ఊళ్లో ఆ సంస్థ బస్సు, రైలు రెండూ లేవు. కారు లేని ముసలివాళ్లు, పిల్లల దగ్గరికొచ్చిన మన తల్లిదండ్రులు ఇంటికే కట్టుబడి ఉండటం వెనక ఈ అర శాతాల లెక్క ఉంది.

పెద్ద నిర్మాణాలకు అప్పు చేయాలన్నా మామూలుగా ఓటర్ల దగ్గరికే వెళ్తారు. 2025 మేలో కళా కేంద్రం ప్రతిపాదనను ఓటర్లు తిరస్కరించారు. మేనేజర్ ఎంత అనుభవజ్ఞుడైనా ఆ తీర్పు తర్వాత ఫైలు మూసేయాల్సిందే.

నాలుగో రోజు, గురువారం: పునాది తనిఖీ

మన టౌన్ ప్లానింగ్ సిబ్బంది ఎవరైనా ఈ ప్రయాణానికి వెళ్తే, మిగతావన్నీ వదిలేసినా ఈ ఒక్క పూట వదలకూడదు.

ఫ్రిస్కో కింద ఉన్నది నల్లరేగడి. హూస్టన్ బ్లాక్ అనే పేరున్న ఆ నేలా, మన కృష్ణా గుంటూరు ప్రాంతాల నల్లనేలా నేలశాస్త్రంలో ఒకే వర్గం, వెర్టిసాల్స్. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చేయి దూరేంత నెర్రెలిస్తుంది. దాని మీద కట్టిన ఇల్లు కదులుతుంది, గోడకు గుమ్మం మూల నుంచి వాలుగా పగులు తేలుతుంది. అందుకని అక్కడ ఇంటికి ఒకే పలకగా కాంక్రీటు వేసి, లోపల ఉక్కు తీగలు పరిచి, కాంక్రీటు గట్టిపడ్డాక వాటిని జాకీతో బిగిస్తారు. తీగ మందం అరంగుళం. వారం పది రోజులకు ఒక్కో తీగను సుమారు 33,000 పౌండ్ల బలంతో, అంటే దాదాపు 15 టన్నులతో లాగుతారు.

కాంక్రీటు లారీ రాకముందు ఇన్‌స్పెక్టర్ వస్తారు. మొదట చూసేది చెక్కల చట్రం, దాంతోపాటు లైసెన్సున్న సర్వేయర్ సంతకం చేసిన కొలతల పటం. సెట్‌బ్యాక్, అంటే హద్దు నుంచి వదలాల్సిన ఖాళీ, తప్పితే ఇక్కడే తెలిసిపోతుంది. చెక్కను రెండడుగులు జరిపితే సరిపోతుంది, గోడ లేచాక అయితే కూల్చాలి. తర్వాత కందకాల్లోకి దిగుతారు. అడుగున నీళ్లు, జారిపడ్డ మన్ను ఉండకూడదు. రాత్రి వాన పడితే ఎక్కువగా తప్పేది ఇక్కడే. కందకం సగం పూడితే దూలం లోతు ఆ మేరకు తగ్గినట్టే. పరిచిన ప్లాస్టిక్ షీటు చిరిగిందా, అతుకుల దగ్గర ఒకదాని మీద ఒకటి ఎక్కిందా చూస్తారు. తీగలు ప్లాస్టిక్ కుర్చీల మీద సరైన ఎత్తులో ఉన్నాయా, మెత్తటి నేలలోకి కుర్చీ కుంగిందా, తీగ తొడుగు ఎక్కడైనా చీలిందా చూస్తారు. చీలితే నీరు చేరి తుప్పు పడుతుంది, ఏళ్ల తర్వాత తీగ తెగుతుంది. పైపులు కాంక్రీటులోంచి పైకి వచ్చేచోట చుట్టూ తొడుగు ఉందో లేదో వేలితో తడిమి చూస్తారు. పావుగంట, ఇరవై నిమిషాల పని. బాగుంటే పచ్చ చీటీ, లేకుంటే ఎర్ర చీటీ. మళ్లీ పిలిస్తే మళ్లీ రుసుము.

ఆ తర్వాత చట్రం, కరెంటు, ప్లంబింగు, ఏసీ, ఇన్సులేషన్, చివరి తనిఖీ. ఒకటి దాటకుండా ఇంకొకదానికి వెళ్లే వీల్లేదు. అన్నీ దాటాకే నివాసానికి అనుమతి. నగరం ఆలస్యం చేస్తే ఏమిటన్నదానికీ 2023 చట్టం జవాబు చెప్పింది. గడువు దాటి 15 రోజులైనా నిర్ణయం చెప్పకపోతే అర్హత ఉన్న బయటి ఇంజనీరుతో ప్లాను పరిశీలన, తనిఖీ చేయించుకోవచ్చు.

మన దగ్గర అనుమతి ఇచ్చే వేగం తక్కువేమీ కాదు. తెలంగాణలో 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ అనే భవన అనుమతుల చట్టం కింద 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు దాకా ఇంటికి రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 600 గజాల లోపు, 10 మీటర్ల దాకా స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి, ఆపైన 21 రోజులు. ఈ విషయంలో ఫ్రిస్కో మన నుంచి నేర్చుకోవచ్చు. మన లోటు అనుమతి తర్వాత మొదలవుతుంది. నిర్ణీత పరిమాణం దాటిన భవనంలో పది శాతం విస్తీర్ణం పురపాలికకు తనఖా పెట్టించుకుంటాం, పూర్తయ్యాక కొలతలు చూసి విడుదల చేస్తాం. ఈ రెంటి మధ్య పునాదిలో ఏం పడిందో పురపాలిక తరఫున చూసినవాళ్లు ఉండరు. స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకమే ఆధారం. నేల ఒక్కటే, దాన్ని పట్టించుకునే పద్ధతే వేరు.

చెత్త సంగతి క్లుప్తంగా. ఇంటికి 95 గ్యాలన్ల, అంటే 360 లీటర్ల చక్రాల డబ్బా. వారానికోసారి లారీ ఉక్కు చేయి చాచి ఎత్తి ఒంపుకుంటుంది. లోపల ఉండేది డ్రైవరొక్కడే. వంటింటి తడి చెత్త వేరు చేయరు, నేరుగా మెలిస్సా దగ్గరి డంపింగ్ కేంద్రానికి పోతుంది. పచ్చి గడ్డి, ఆకులు మాత్రం కంపోస్టుకు వెళ్తాయి.

ఐదో రోజు, శుక్రవారం: నీళ్లు

నీటిని నగరం టోకున కొంటుంది. 13 సభ్య నగరాలున్న నార్త్ టెక్సస్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్ట్ శుద్ధి చేసి పంపుతుంది. నగరం పని ట్యాంకులు, పైపులు, మీటర్లు, బిల్లు. నీళ్లు, మురుగు, చెత్త ఒకే బిల్లులో ఉంటాయి. చెత్త రుసుము విడిగా ఎగ్గొట్టే దారి లేదు.

రాసుకోవాల్సిన అంకెలు మూడు. కుళాయి దగ్గర మిగులు ఫ్రీ క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గకూడదు, క్లోరమిన్ (క్లోరిన్‌కు అమోనియా కలిపినది) వాడితే 0.5. పైపులో పీడనం 20 పీఎస్ఐ కంటే పడితే, అంటే నీటి ఎత్తులో 14 మీటర్లకు తగ్గితే, కాచి తాగమని 24 గంటల్లోపు జనానికి చెప్పాలి. బాక్టీరియా పరీక్షకు నెలకు ఎన్ని నమూనాలన్నది జనాభా తేలుస్తుంది: 1,30,001 నుంచి 2,20,000 దాకా 120, ఆపైన 3,20,000 దాకా 150. ఎక్కడెక్కడ తీయాలో ముందే పటం మీద గుర్తిస్తారు.

ఆరో రోజు, మార్చి, సోమవారం: తెనాలి

ఈసారి ఫ్రిస్కో వైపు నుంచి తెనాలికి. మార్చి ఎందుకంటే మన పురపాలికకు అది ఆగస్టు లాంటి నెల. ఆర్థిక సంవత్సరం ముగింపు, పన్ను వసూళ్ల హడావిడి, ఎండలు ముదిరేలోగా తాగునీటి ఏర్పాట్లు, అన్నీ అప్పుడే. ఏడాదిలో ఏ కమిషనర్‌కూ ఇంత బరువైన నెల లేదు.

మూడు కాలువలు ఊరి మధ్య నుంచి పారే తెనాలి పురపాలక సంఘం 1909 నాటిది. 2011 జనగణనలో జనాభా 1,64,937. ఫ్రిస్కో ముప్పై ఏళ్లలో పొలాల మీద గీసిన ఊరు, రోడ్డుకు ఎంత వెడల్పు కావాలంటే అంత వదులుకోగలిగింది. తెనాలిలో వీధి వెడల్పు వందేళ్ల కిందటే తేలిపోయింది. ఈ మాట ముందే చెప్పకపోతే పోలిక అన్యాయమవుతుంది.

సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదిక. అర్జీదారు కమిషనర్ ఎదురుగానే కూర్చుని చెప్తాడు. ఫ్రిస్కోలో ఫిర్యాదు ఫోనులోనో యాప్‌లోనో వెళ్తుంది, మేనేజర్ ముఖం చూసే పౌరులు తక్కువ. అర్జీ ఆన్‌లైన్‌లో ఎక్కించి గడువు పెడతారు. తప్పు జరిగేది ముగింపు దగ్గర. సమస్య తీరకుండానే ‘పరిష్కరించబడింది’ అని మూసేస్తే వచ్చే సోమవారం అదే మనిషి అదే కాగితంతో వస్తాడు. మూసేముందు ఫొటో, అర్జీదారు ఫోను నిర్ధారణ, రెండూ తప్పనిసరి చేసిన చోట ఇది తగ్గుతుంది.

మధ్యాహ్నం వార్డు సచివాలయం. 2019 అక్టోబరు 2న మొదలైన ఈ వ్యవస్థ అమెరికా అధికారులను నిలబెట్టి చూపించదగ్గది. నాలుగైదు వీధుల అవతల నడిచి వెళ్లేంత దూరంలో పరిపాలన, సౌకర్యాలు, పారిశుధ్యం, ప్లానింగు, సంక్షేమం, రెవెన్యూ పనులకు వేర్వేరు కార్యదర్శులు. కులం సర్టిఫికెట్ నుంచి పింఛను దాకా అక్కడే. రెండు లక్షల జనాభాకు ఒక్క భవనంతో నడిచే ఫ్రిస్కోలో ఇలాంటిది ఊహకందదు. చిక్కు ఎక్కడంటే, ఈ కార్యదర్శులకు పై అధికారి ఒకరు కాదు. సర్వే వస్తే ఒక శాఖ, పథకం వస్తే ఇంకో శాఖ లాక్కుంటుంది. సౌకర్యాల కార్యదర్శి కాలువ చూడాల్సిన పూట ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ తిరుగుతుంటాడు.

ఏడో రోజు, మంగళవారం: తెల్లవారుజాము, ఆ తర్వాత పన్ను కౌంటర్లు

తెల్లారకముందే మస్టర్. ముఖ హాజరు యాప్ ముందు పారిశుధ్య కార్మికుల వరుస, పక్కన మేస్త్రి. చీపుర్లు, పారలు, తోపుడు బండ్లు. ఒక ఆటోకు డ్రైవరు, ఒక సహాయకుడు. తడి, పొడి, ప్రమాదకర చెత్త వేరుగా తీసుకోవాలని 2016 నిబంధనలు చెప్పాయి. గుమ్మం దగ్గర వేరుగా ఇచ్చే ఇళ్లు వీధివీధికీ మారతాయి. ఆటోలో మధ్య అడ్డు పలక ఊడిపోతే మాత్రం వేరు చేసి ఇచ్చినవాళ్ల శ్రమ కూడా వృథా. ఒక్కసారి అది కళ్లతో చూసిన ఇల్లాలు మరునాటి నుంచి వేరు చేయదు. పలక బిగించడానికి పట్టేది నాలుగు బోల్టులు. చెత్త రుసుము 2021లో వచ్చింది, 2024లో రద్దయింది. ఆ ఖర్చు ఇప్పుడు సాధారణ నిధి మోయాలి.

పది దాటితే రెవెన్యూ విభాగం. డీసీబీ రిజిస్టరు, అంటే డిమాండు, వసూలు, నిల్వ. 2021 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో పన్ను మూలధన విలువ మీద పడుతోంది. స్థలం రిజిస్ట్రేషన్ విలువకు కట్టడం విలువ కలుపుతారు. నివాసాలకు రేటు 0.10 నుంచి 0.50 శాతం మధ్య, నివాసేతరాలకు 0.20 నుంచి 2 శాతం మధ్య. 375 చదరపు అడుగుల లోపు ఇంటికి ఏడాదికి 50 రూపాయలు. నిరుటి పన్ను మీద 15 శాతం మించి పెంచకూడదు. 40 లక్షల ఇంటికి 0.15 శాతమైతే 6,000 రూపాయలు. టెక్సస్‌లో ఇంటి విలువకు పది శాతం పరిమితి, ఇక్కడ పన్నుకు పదిహేను శాతం పరిమితి. లెక్క వేరైనా రెండింటి ఉద్దేశం ఒకటే, ఇంటివాడికి ఒక్కసారిగా దెబ్బ తగలకూడదని.

తేడా బకాయిల దగ్గర వస్తుంది. చట్టం ప్రకారం నెలకు 2 శాతం వడ్డీ, అంటే ఏడాదికి 24. కాగితం మీద టెక్సస్ కంటే కఠినమే. కానీ మధ్యమధ్య మార్చిలో వడ్డీ మాఫీ జీవో వస్తుంది. సకాలంలో కట్టినవాడు నష్టపోయినట్టు, ఆగినవాడు తెలివైనవాడైనట్టు లెక్క తేలుతుంది. ఏప్రిల్‌లో ముందే కట్టేవాళ్లకిచ్చే 5 శాతం రాయితీ మంచి పద్ధతి. అది ఇస్తూ, మాఫీ మానేస్తే చాలు. మాఫీ ఊరించినన్నాళ్లూ బిల్ కలెక్టర్ ఎన్ని తలుపులు తట్టినా ‘జీవో రానీయండి సార్, ఒకేసారి కడతాం’ అన్న జవాబే వస్తుంది.

వసూలైన డబ్బు ఖర్చుపెట్టడం మరో సంగతి. టెక్సస్‌లో కాంట్రాక్టరు బిల్లు 30 రోజుల్లో చెల్లించకపోతే నగరం వడ్డీ కట్టాలి. మన దగ్గర పురపాలిక సొంతంగా వసూలు చేసిన డబ్బయినా చెల్లింపు రాష్ట్ర ఖజానా వ్యవస్థ గుండా వెళ్లి వరుసలో నిలిచిన ఏళ్లున్నాయి. ఎప్పుడు చేతికొస్తుందో తెలియని కాంట్రాక్టరు ఆ ఆలస్యాన్ని టెండరు ధరలోనే కలుపుకుంటాడు. కొందరు అసలు టెండరే వేయరు. వీధి దీపం పని మూడుసార్లు పిలిచినా ఎవరూ రాకపోవడానికి కారణం తరచుగా ఇదే.

కౌన్సిల్ వైపు చూస్తే, ఛైర్‌పర్సన్‌ను కౌన్సిలర్లు ఎన్నుకుంటారు, ఎక్స్ అఫీషియోలుగా ఎమ్మెల్యే, ఎంపీ ఓటు వేస్తారు. కమిషనర్ జవాబు చెప్పాల్సింది కౌన్సిల్‌కు, కలెక్టర్‌కు, పురపాలక శాఖ డైరెక్టరుకు, సచివాలయానికి. కౌన్సిల్ తీర్మానాన్ని ప్రభుత్వం రద్దు చేయగలదు. ఫ్రిస్కో మేనేజర్ ఏడుగురి ముందు నిలబడతాడు, ఏడుగురూ ఒకే గదిలో ఉంటారు. మన కమిషనర్ ఫోను ఎన్ని గదుల నుంచి మోగుతుందో లెక్కపెట్టడానికి ఒక్క రోజు పక్కన కూర్చుంటే చాలు. రెండు మూడేళ్లు నిండకముందే బదిలీ కావడం మామూలు. పదేళ్ల మురుగునీటి ప్రణాళిక మీద సంతకం చేసిన అధికారి దాని రెండో దశను చూడడు. కొత్తగా వచ్చినవాళ్లకు పాత ఫైలు అప్పగించే పద్ధతైనా ఉండాలి. నడుస్తున్న పనులు, కోర్టు కేసులు, గడువులున్న గ్రాంట్లు, చెల్లించాల్సిన బిల్లులు, ఈ నాలుగూ రాసిన రెండు పేజీల అప్పగింత పత్రం కుర్చీ మారిన రోజే చేతులు మారితే సగం నష్టం ఆగుతుంది.

ఎనిమిదో రోజు, బుధవారం: చివరి కుళాయి

నీటి సరఫరా సమయానికి పది నిమిషాల ముందు లైను చివరి వీధికి చేరుకోవాలి. మన పైపుల్లో నీళ్లు రోజంతా ఉండవు, అసలు ప్రమాదం అక్కడే. పైపు ఖాళీగా ఉన్నప్పుడు లీకు ఉన్నచోట బయటి మురుగును లోపలికి పీలుస్తుంది. ఇంటి కనెక్షను పైపు సైడు కాలువను దాటేచోట ఇది ఎక్కువ. కుళాయికి నేరుగా మోటారు బిగిస్తే పీల్చే బలం ఇంకా పెరుగుతుంది. ఒక అంతస్తు ఇళ్లకు చివరి కుళాయి దగ్గర 7 మీటర్ల ఒత్తిడి ఉండాలన్నది మన పాత ప్రమాణం. టెక్సస్‌లో 14 మీటర్లకు తగ్గితే ఊరంతా హెచ్చరిక వెళ్తుందన్నది పక్కన పెట్టుకుని చూడాలి.

మొదట వచ్చిన నీటినే పట్టాలి. చాలామంది రెండు నిమిషాలు వదిలి పడతారు, అప్పటికి మురుగు వెళ్లిపోయి ఫలితం బాగానే కనిపిస్తుంది. క్లోరిన్ పరీక్షకు క్లోరోస్కోప్ గాజు గొట్టంలో గీత దాకా నీళ్లు పోసి ఆర్థోటాలిడిన్ చుక్కలు వేస్తే పసుపు రంగు తేలుతుంది. పది సెకన్లలోపు రంగు పోల్చాలి. ఆగి చూస్తే ముదిరిన రంగు ఫ్రీ క్లోరిన్‌ది ఒక్కటే కాదు, కలిసిపోయిన క్లోరిన్‌ది కూడా. ఫలితం ఎక్కువ చూపిస్తుంది, మనసుకు ధైర్యం వస్తుంది, నీళ్లు మాత్రం బాగుపడవు. ఆర్థోటాలిడిన్ చర్మానికి తగలకూడదు, చేతికి గ్లవుజు ఉండాలి. ఫ్రిస్కోలో వాడే డీపీడీ పొడితో గులాబీ రంగు వస్తుంది, అంకె మీటరు మీద కనిపిస్తుంది. ఫ్రీ క్లోరిన్ అయితే ఉండాల్సింది రెండు చోట్లా 0.2.

మార్చిలో ఫ్రిస్కో నుంచి ఇలా వచ్చినవాళ్లకు ఇంకో సంగతి తెలిసే ఉంటుంది. ప్రతి వసంతంలో కొన్ని వారాలు వాళ్ల వాటర్ డిస్ట్రిక్టు క్లోరమిన్ ఆపి ఫ్రీ క్లోరిన్‌తో పైపులు శుభ్రం చేస్తుంది. వాసన మారిందని జనం ఫోన్లు చేస్తారు, అందుకే ముందుగానే ఉత్తరాలు పంపుతారు. మన దగ్గర ట్యాంకు కడిగిన రోజు క్లోరిన్ మోతాదు పెరిగి వాసన వస్తే, వార్డు సచివాలయం వాట్సాప్ గ్రూపులో ముందు రోజు సాయంత్రం రెండు వాక్యాలు పెట్టినా చాలు.

వెళ్లేముందు రెండు కాగితాలు చేతులు మారాయి. తెనాలి జనాభాకు ఫ్రిస్కో లెక్కన నెలకు 120 నమూనాలు, అంటే రోజుకు నాలుగు. వాటికి లైను చివర ఉన్న కుళాయిలు ఎంచి వార్డు పటం మీద ఎర్ర చుక్కలు పెట్టిన కాగితం ఇక్కడ మిగిలింది. పునాది పోయకముందు చూడాల్సిన ఆరు అంశాలు తెలుగులో రాసిన తనిఖీ చీటీ దాని వెనకవైపు ఉంది. అటు వెళ్లింది మూడు అరల చెత్త ఆటో కొలతల బొమ్మ, అడ్డు పలక నాలుగు బోల్టులతో సహా.